ఎఫ్ షార్ప్ దగ్గర వుల్ఫ్ ఇంకా వదల్లేదు

ఆదివారం విజయవాడ లబ్బీపేట రిహార్సల్లో నా సెల్లోలో మళ్లీ అదే చోట అదే వణుకు (వుల్ఫ్ అంటే ఇదే, ఒక స్వరం చెక్క పెట్టె సొంత కంపనంతో ఢీకొని వణకడం), నిజంగా ఏడుపొచ్చింది. వాయిస్తున్నది రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆందాంతే కాంతాబిలే, 1888లో ఆయనే సెల్లోకీ స్ట్రింగ్ ఆర్కెస్ట్రాకీ మార్చి రాసిన వెర్షన్. అసలు ఇది నాలుగు వాయిద్యాల క్వార్టెట్‌లోది, అందులో బి ఫ్లాట్ మేజర్, ఇందులో బి మేజర్. అంటే ఎఫ్ షార్ప్ పంచమం, మధ్యలో డి మేజర్‌కి వెళ్తే అదే అంతర గాంధారం అవుతుంది, ఇంక ఎక్కడికని తప్పించుకుంటాం చెప్పండి.

జి తీగ మీద పై పొజిషన్లో పట్టుకుంటే స్వరం రెండుగా చీలి సెకనుకి ఐదారు సార్లు కొట్టుకుంటోంది, గొంతులో కఫం అడ్డుపడ్డట్టే. స్పీడ్ పాటల్లో ఇది తెలియకుండా దాటిపోతుంది, ఇక్కడ బో నెమ్మదిగా లాగాలి, పైగా వైబ్రాటో (వేలు ఊపి స్వరాన్ని అలలాడించడం) చేసిన ప్రతిసారీ వేలు సరిగ్గా ఆ ఫ్రీక్వెన్సీ మీదుగానే ఊగుతోంది. ట్యూనర్ యాప్‌లో చూస్తే హాల్లో వుల్ఫ్ 181 హెర్ట్జ్ దగ్గర గట్టిగా ఉంది, ఎఫ్ షార్ప్ 185. ఇంట్లో ఏసీ గదిలో మాత్రం దాదాపు 185 మీదే కూర్చుంటోంది. వానాకాలం తేమకి చెక్క బరువెక్కి వుల్ఫ్ కిందకి జారుతోందని నా అనుమానం, హాల్లో ఏసీ లేదు, మా హైగ్రోమీటర్ 82 శాతం చూపించింది, ఇంట్లో 55.

జి తీగకి బ్రిడ్జి (తీగల్ని మోసే చెక్క) వెనకాల మిగిలే ముక్క నా సెల్లోలో 125 మిల్లీమీటర్లు. వుల్ఫ్‌ని అణిచేందుకు ఆ ముక్క మీద పెట్టే ఇత్తడి బరువుని, అంటే ఎలిమినేటర్ని, బ్రిడ్జి నుంచి 38 మి.మీ. దగ్గర బిగిస్తే ఇంట్లో వణుకు పూర్తిగా పోయింది, హాల్లో తిరిగొచ్చింది. 45కి జరిపితే హాల్లో తగ్గింది కానీ పక్కనున్న జి షార్ప్ మూగబోయింది. మధ్యకి జరిపేకొద్దీ ఆ ముక్క శ్రుతి దిగుతుంది కాబట్టి లెక్క ప్రకారం సరైన దిక్కే, బరువే ఎక్కువేమో. మోకాళ్లతో నొక్కితే ఆగుతోంది గానీ అట్లా నొక్కుకుంటూ ఇంత నిదానమైన పాట ఎట్లా వాయిస్తాం? డి మేజర్ భాగంలో కింద వాళ్లంతా పిజ్జికాటో మీటుతుంటారు, కప్పేవాళ్లే ఉండరు, ప్రతి వణుకూ బయటికే.

మిగతాదంతా బాగుంది. బో మార్పులు వినపడట్లేదు, మన కర్ణాటక వయొలిన్ వాళ్లు జారుళ్లు తగ్గించి భలే పట్టుకున్నారు.

తీగల సంగతికొస్తే, లార్సెన్ కంపెనీ ఎ తీగ ఇట్లాంటి పాటకి బంగారం, ఇంకోటి పెట్టను. సి, జి రెండూ స్పైరోకోర్ రకం టంగ్‌స్టన్ తీగలు. సి కదిలించను, జి మాత్రం టెన్షన్ తక్కువుండే జార్గర్ కంపెనీది తెప్పిస్తున్నా. అప్పటికీ పోకపోతే సౌండ్‌పోస్ట్ (సెల్లో లోపల నిలబెట్టే చిన్న కర్ర) జరిపించాలి, దానికి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోవాల్సిందే, పనిలో పనిగా వయొలిన్లకి శబ్దం మెత్తబరిచే రబ్బరు మ్యూట్లు కూడా తెస్తా. క్వార్టెట్‌లో ఇది మ్యూట్లతోనే ఉంటుంది, ఆ రంగుతో ఒకసారి మొత్తం వాయించి చూడాలని ఉంది. దసరాలోపు కుదిరితే ద్వోర్జాక్ రాసిన సెల్లో పాట సైలెంట్ వుడ్స్ కూడా మొదలెడదామని వయోలా అతను పట్టుబడుతున్నాడు, దాని ఫ్లూట్ లైన్ వయొలిన్‌కి ఇచ్చేసి.