ఎకానమీ పేపర్లో పేదరికం, అసమానత: ఒక ప్రశ్న దగ్గర నేను నేర్చుకున్నది

మొదటిసారి గ్రూప్-1 మెయిన్స్ రాసినప్పుడు ఎకానమీ పేపర్లో సంక్షేమ పథకాల ప్రశ్న కనబడగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. పథకాలన్నీ నాకు నోటికొచ్చు. ఎప్పుడు మొదలైంది, ఎంత ఇస్తారు, ఎవరు అర్హులు అంటూ పన్నెండు పథకాలు గబగబా రాసి పడేశాను. చివరికి చూస్తే అన్ని పేపర్లలోకీ అందులోనే తక్కువ మార్కులు. ఆ ప్రశ్నను ఇంటికొచ్చాక పదిసార్లు చదువుకున్నాను. పథకాలేమిటని వాళ్లు అడగలేదు. వాటివల్ల పేదరికం ఎంత తగ్గింది, అసమానత ఎంత తగ్గింది అని అడిగారు. నేను ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ షాపుల్లో ఇప్పుడు అమ్ముడుపోతున్న నోట్సుల్లోనూ ఆ పన్నెండు పథకాల జాబితానే ఉంది. మీలో కొందరైనా నేను పడిన గుంతలో పడకూడదని ఇది రాస్తున్నాను.

మాది నార్పల మండలం. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టిన బండ్లపల్లి మా మండలంలోనిదే. తొలి విడతలో దేశమంతా కలిపి 200 జిల్లాలు. మాయమ్మ అప్పట్నుంచీ పనికి పోతానే ఉంది. మా పక్క ఎవరూ దాన్ని ఉపాధి హామీ అనరు, కరువు పని అంటారు. ఇంతచేసీ నా మొదటి జవాబులో దాని గురించి ఉన్నవి రెండే లైన్లు: 2005 చట్టం, ఏడాదికి 100 రోజుల పని.

రిజల్టు వచ్చిన ఎండాకాలం ఊళ్లోనే ఉన్నాను. ఒకరోజు అమ్మతోపాటు పనికాడికి పోయాను. కొండవాలున కందకాలు తీస్తున్నారు. ఆరుకల్లా అందరూ చేరుకున్నారు. నేల రాతిలా ఉంది. గడ్డపార దిగాలంటే ముందురోజు సాయంత్రం నీళ్లు పోసి నాననిచ్చుకోవాలి. పదింటికి మేట్ వచ్చి టేపు పట్టి పొడవు, వెడల్పు, లోతు రాసుకున్నాడు. అప్పట్లో రోజు కూలి 300 అని కాగితం మీద ఉన్నా, కొలత తగ్గితే చేతికొచ్చేదీ తగ్గేది. అక్కడ కూర్చుని నేను చూసింది ఒకటే: ఎవరొచ్చారు, ఎవరు రాలేదు. ఇరవై ఎకరాల ఆసామి ఇంటినుంచి ఒక్కరూ లేరు. రానక్కరలేదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ ఎండకు ఆ కూలికి అవసరం లేనివాళ్లు వాళ్లంతట వాళ్లే రారు. పుస్తకాల్లో దీన్నే స్వీయ ఎంపిక అంటారు. ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, ఏ జల్లెడా లేకుండానే డబ్బు పేదల దగ్గరికి చేరే పద్ధతి ఇది. ఈ ఒక్క మాటను నా జవాబులో రాసి ఉంటే ఆ పన్నెండు పేర్లకంటే ఎక్కువ విలువుండేది.

ఇంకోటి అమ్మ నోటివెంట విన్నాను. శనక్కాయ పెరికేటప్పుడు రైతులు కూలి పెంచక తప్పడం లేదంట, "లేకుంటే ఎవరొస్తార్రా" అంది. ఇది మా ఊరి ముచ్చట మాత్రమే అనుకున్నాను. తర్వాత కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన గురించి చదివాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది జిల్లాల్లో, అందులో మన అనంతపురం, కడప, కర్నూలు కూడా ఉన్నాయి, వేలిముద్ర స్మార్ట్‌కార్డులతో ఉపాధి కూలి, పెన్షన్లు ఇచ్చారు. కొన్ని మండలాల్లో ముందు, కొన్నింట్లో తర్వాత. చెల్లింపులు త్వరగా అందాయి, మధ్యలో కారిపోయేది తగ్గింది. ముందు మొదలైన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం సుమారు 14 శాతం ఎక్కువగా ఉంది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఉపాధి కూలి రూపంలో వచ్చింది కాదు. బయటి పనుల్లో కూలి రేట్లు పెరిగి, అక్కడినుంచి వచ్చింది. ఉచితంగా ఇస్తే జనం పని మానేస్తారని వాదించే జవాబు రాయబోతే ముందు ఈ పరిశోధనను గుర్తుకు తెచ్చుకోండి. మన జిల్లాలోనే తేలిన విషయం, మనమే రాయకపోతే ఎట్లా?

ఇప్పుడు లెక్క. దీన్ని కాగితం మీద మీ చేత్తో చేయండి, చదివి వదిలేయొద్దు. ఐదు ఇళ్లు ఉన్నాయి. పేదరిక రేఖ 100 అనుకుందాం. ఆదాయాలు 40, 60, 90, 150, 300. రేఖ కింద ముగ్గురు, అంటే పేదల నిష్పత్తి 60 శాతం. ఇప్పుడు మన దగ్గర పది రూపాయలున్నాయి. 90 వచ్చే ఇంటికిస్తే అది రేఖకు చేరి, పేదలు 40 శాతానికి దిగుతారు. ఆ పదీ 40 వచ్చే ఇంటికిస్తే 60 శాతం 60 శాతంగానే ఉంటుంది. తలలు లెక్కపెట్టే కొలతకు మాత్రమే విలువిచ్చే ప్రభుత్వం అట్టడుగువాణ్ణి వదిలేసి అంచున ఉన్నవాడికే ఇస్తుంది. ఇక పేదరిక అంతరం చూడండి, అంటే రేఖకు ఒక్కో ఇల్లు ఎంత తక్కువలో ఉందో రేఖతో భాగించి, ఐదిళ్లకూ తీసిన సగటు (రేఖ దాటినవాళ్లకు సున్నా). మొదట 0.22. ఎవరికిచ్చినా 0.20. తేడా దానికీ తెలియదు. ఒక్కో ఇంటి అంతరాన్ని వర్గం చేసి సగటు తీస్తేగాని అసలు సంగతి బయటపడదు: మొదట 0.106, 90 ఇంటికిస్తే 0.104, 40 ఇంటికిస్తే 0.084. ఫోస్టర్, గ్రీర్, థోర్బెక్ అనే ఆర్థికవేత్తలు 1984లో చెప్పింది ఇదే. వాళ్ల సూత్రాన్ని కంఠస్థం చేసి రెండేళ్లు మోశాను. ఐదిళ్ల లెక్క వేసిన రోజున అర్థమైంది.

మా అవ్వ పెన్షన్ ఈ లెక్కలో ఎక్కడ పడుతుందో చూశాను. 2024 జూలై 1న ఇంటికొచ్చి 7000 ఇచ్చి పోయారు. పెంచిన 4000, అంతకుముందు మూడు నెలల బాకీ 3000. అవ్వ రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. మందులకు ఇంత, మనవరాలి రూమ్ అద్దెకు ఇంత అని అప్పుడే విడదీసింది. భూమి లేని, పని చేయలేని ముసలివాళ్లకు వచ్చే డబ్బు పేదరికపు లోతును ఎట్లా తగ్గిస్తుందో అక్కడే కనబడింది. ఈ డబ్బులో కేంద్రం వాటా ఎంతో మీకు తెలుసా? 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు 200, 80 దాటితే 500. మిగతాది రాష్ట్రానిది. అందుకే కేంద్రం, రాష్ట్రాల ఆర్థిక సంబంధాలు వేరే అధ్యాయమని పక్కన పెట్టొద్దు.

ఇక రైతులకిచ్చే సాయం. పీఎం కిసాన్‌లో ఏడాదికి 6000, మూడు విడతలు, 2019 నుంచి అదే మొత్తం. ధరలు పెరిగాయి, సాయం పెరగలేదు. మొదట రెండు హెక్టార్ల లోపు వాళ్లకే, అదే ఏడాది ఆ హద్దు తీసేశారు. తెలంగాణ రైతుబంధు 2018లో ఎకరా లెక్కన మొదలైంది. ఎకరాకిస్తే పదెకరాలవాడికి ఎకరా ఉన్నవాడికంటే పదింతలు. పీఎం కిసాన్ లాగా కుటుంబానికింత అని ఇస్తే చిన్నవాడి ఆదాయంలో అది పెద్ద భాగం, పెద్దవాడికి లెక్కలోకి రాదు. రెండూ రైతు సాయమే, అసమానత మీద ప్రభావం మాత్రం వేరు. రెండింట్లోనూ భూమి లేని కూలికి సున్నా. గుత్తకు చేసుకునేవాళ్ల సంగతి మరీ బాధాకరం. సేద్యం వాళ్లది, అప్పు వాళ్లది, కాగితం భూమిగలవాళ్లది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం, అప్పటి రైతు భరోసా సాయంలో కౌలుదార్లకు చోటు ఇందుకే ముఖ్యమైనవి. కానీ ఆ చట్టం కింద ఇచ్చే సాగుదారు కార్డుకు యజమాని సంతకం కావాలని పెట్టారు. మా వీధిలో ఒకాయన మూడేళ్లు అడిగాడు. భూమి చేజారుతుందన్న భయంతో ఆసామి పెట్టలేదు. ఆ ఊళ్లో పెరిగిన నాకు ఈ విషయం పుస్తకం చదివాకే కనబడడం ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది.

గిని దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఇది అసమానతను కొలిచే అంకె: అందరికీ సమానమైతే 0, అంతా ఒక్కడి దగ్గరే ఉంటే 1. కుటుంబ వినియోగ వ్యయ సర్వేల ప్రకారం గ్రామాల్లో 2022-23లో 0.266 ఉన్నది 2023-24లో 0.237కు, పట్టణాల్లో 0.314 నుంచి 0.284కు తగ్గింది. ఇవి ఖర్చు లెక్కలు, ఆదాయం లెక్కలు కావు. డబ్బున్నవాడు ఆదాయమంతా ఖర్చు పెట్టడు కాబట్టి ఖర్చులో తేడా ఎప్పుడూ తక్కువగానే కనబడుతుంది. ఆదాయం చూసిన వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అంచనాలో 2022-23లో పైనున్న 1 శాతానికి దేశాదాయంలో 22.6 శాతం. రెండూ పక్కపక్కన పెట్టి, ఏది దేన్ని కొలుస్తోందో చెబితే చాలు, దిద్దేవారికి మీకు విషయం తెలుసని తెలిసిపోతుంది.

ఉచితంగా అందిన బియ్యం, వస్తువుల విలువ కలిపితే 2023-24లో గ్రామాల్లో మనిషి నెల ఖర్చు సగటు 4122 నుంచి 4247కు, పట్టణాల్లో 6996 నుంచి 7078కి పెరుగుతుంది. 125, 82. రూపాయల్లో చూసినా, శాతంలో చూసినా గ్రామానికే ఎక్కువ అందింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యంతో మనకు పరిచయమైన దారి ఇది.

నా జవాబులో నేను పూర్తిగా వదిలేసిన రెండో సగం: పన్నులు. పునఃపంపిణీ అంటే ఇవ్వడమే అనుకుంటాం, ఎవరి దగ్గర తీసుకున్నారన్నది అడగం. చనిపోయినవాళ్లు వదిలిన ఆస్తి మీద వేసే ఎస్టేట్ సుంకం 1985లో, ధనికుల ఆస్తుల మీద ఏటా వేసే సంపద పన్ను 2015లో పోయాయి. సబ్బు మీద జీఎస్టీ మా అవ్వా కడుతుంది, ఆసామీ కడతాడు, ఒకే రేటు. పెన్షన్ రూపంలో వచ్చిన దాంట్లో కొంత ఆ దారిన వెనక్కి పోతుంది. ఈ రెండు వైపులూ రాసిన జవాబులు నేను చాలా తక్కువ చూశాను.

రెండోసారికి నోట్స్ మార్చేశాను. ప్రతి పథకానికి ఒక పేజీ, పేజీలో నాలుగు ప్రశ్నలు: ఎవరికి అందుతుంది, ఎవరికి అందదు, డబ్బు ఎవరిది, ఏ కొలత మారుతుంది. రోజూ ఒకటి, తెలుగులోనే, గడియారం ముందు పెట్టుకుని రాశాను. తెలుగు మీడియం అని జంకేవాళ్లకు చెబుతున్నా, పేదరిక అంతరాన్ని, గుత్తరైతు గోడును నేను తెలుగులో రాసినంత స్పష్టంగా ఇంగ్లిష్‌లో రాయలేను. ఆ ఏడాది ఎకానమీ పేపరే నన్ను ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లింది.

ఆ నోట్స్‌లో "ఎవరికి అందదు" అన్న గడిని మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు. పుస్తకంలో దొరక్కపోతే ఆదివారం ఊరికి పోయినప్పుడు అమ్మనో, అవ్వనో, పక్కింటి గుత్తరైతునో అడగండి.