ఎండిన వేపను కొట్టనివ్వకుండా ఆపడం: నా అనుభవం

మా వీధి మలుపులో ఉన్న వేపచెట్టు వానాకాలం అయిపోయేసరికి చివర్ల నుంచి కిందికి మాడిపోయింది. "చచ్చిందమ్మా. గాలికి కారు మీద పడితే ఎవరు జవాబు?" అన్నారు ఎదురింటి అంకుల్. కొట్టేవాళ్లతో బేరం కూడా అయిపోయింది.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల రక్షణ) చట్టం ప్రకారం వేపచెట్టు కొట్టాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. ఆ మాట చెప్పి ఆపాను. కానీ నిజంగా చచ్చిన చెట్టయితే అనుమతి రావడం పెద్ద కష్టమేం కాదు. కాబట్టి బతికే ఉందని చూపించాలి.

తెలంగాణలో కొన్నేళ్లుగా చాలాచోట్ల వేపలు ఇలాగే ఎండుతున్నాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే డైబ్యాక్, అంటే కొమ్మలు చివర్ల నుంచి కిందికి ఎండిపోయే తెగులు ఇది. లేత చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. తేమ ఆ శిలీంధ్రానికి బలం, అకాల వర్షాలు పడితే పండగే. అయినా చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగురేస్తాయి. నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? నిచ్చెన వేయించి కొమ్మ బెరడు గోరుతో గీకాను. చివర వట్టి ఎండుపుల్ల. మూరెడు కిందికి వస్తే తడితడిగా పచ్చదనం. అంకుల్ తనూ గీకి చూశారు. "సరే, ఉగాది దాకా చూద్దాం" అన్నారు.

ఎండుకొమ్మలు తీయించడమే అసలు టెన్షన్. ఒక ఆఫీసులో కరెంటోళ్లను అడగమన్నారు, వాళ్లేమో తీగల కింద ఉన్నవే మా పని అన్నారు. చివరికి మనుషులొస్తే, కొమ్మ మొదట్లో ఉబ్బుగా ఉండే భాగాన్ని వదిలి కోయమని పక్కనే నిలబడి చెప్పాను. మొదలంటా నరికితే ఆ గాయం మానదు. కోసిన పుల్లలు చెట్టు కింద వదలనివ్వలేదు. మందు కొట్టిద్దామన్నారు కొందరు; అంత పెద్ద చెట్టుకి, పిల్లలు ఆడుకునే వీధిలో నాకు ఇష్టం లేకపోయింది.

మొదలు చుట్టూ సిమెంటు పగలగొట్టించడానికి మాత్రం 2013లో ఢిల్లీ చెట్లపై జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు చూసే న్యాయస్థానం) ఇచ్చిన ఆదేశం పనికొచ్చింది: చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని. మన ఊరికి వర్తించదని ఒకాయన లాయరులా వాదించారు. వేరుకి నీళ్లు అందాలనడానికి చట్టం ఎందుకండీ అన్నాను.

ఉగాదికి పువ్వు రాలేదు గానీ, లావు కొమ్మల మీద ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. ఇప్పుడు వీధికి కొత్త సీసీ రోడ్డు వేస్తారట. కాంట్రాక్టరు మనిషిని పిలిచి, ఆ మీటరు హద్దు సుద్దతో గీసి చూపించాను.