మామ గుంటలో నాలుగు పాళ్ళు

రోహిణి కార్తె వచ్చి మూడో రోజు. పొద్దున ఏడింటికి కొబ్బరాకు కూడా కదలట్లేదు, పది దాటాక కదిలింది కానీ అది పడమటి గాలి, పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే బతికాం, పడమటి గాలి దాన్ని తోసేసిందా, ఇక ఆ రోజు అంతే. నెల్లూరోళ్ళకి ఈ లెక్క ఒకరు చెప్పక్కర్లేదు. ఈరోజు తిరగలేదు.

ఇందుకూరుపేట అవతల మామ రొయ్యల గుంటల దగ్గర కాపలా మనిషి పెళ్ళికని ఊరెళ్ళాడు, ఒక రాత్రి తోడుండమంటే వెళ్ళాను. దారిలో ముంజలు కనిపించి టీ కొట్టు దగ్గర ఆగాం, గొడవ అక్కడ మొదలైంది. ఎవరో పేపర్ చూస్తూ 2024లో భూమి వేడి ఒకటిన్నర డిగ్రీ దాటిందంట అన్నాడు. నిజమే, 1850-1900 నాటి సగటు కంటే 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క. మామ ముంజ నోట్లో వేసుకుంటూనే నవ్వాడు.

"రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మా తాత అనేవాడు. ఎండాకాలం ఎండ కాయక మంచు కురుస్తుందా? ఒకటిన్నర డిగ్రీకి ఇంత గోలేందిరా, కరెంటు బండ్లు అమ్ముకోడానికి కాకపోతే!"

ఇంకొకాయన తప్పంతా శ్రీహరికోట రాకెట్లదే అన్నాడు, అవి మబ్బుల్ని చెదరగొడుతున్నాయంట. ఆ రాకెట్లలోనే 2024 ఫిబ్రవరిలో వాతావరణ ఉపగ్రహం ఇన్సాట్-3డీఎస్ వెళ్ళిందని చెప్పబోయి ఊరుకున్నాను, ముంజలు వేడెక్కిపోతున్నాయి.

మామని తీసిపారేయలేను. ఒక్క రోజు ఎండ చూపించి భూమంతా వేడెక్కిందంటే ఒప్పుకోకూడదు, అందులో ఆయనే కరెక్ట్. 2015 మేలో వడదెబ్బకి మన ఆంధ్రలోనే వెయ్యి మందికి పైగా పోయారు, ప్రకాశం జిల్లాలో మరీ ఎక్కువ, కానీ అదొక్కటే చూపించినా సాక్ష్యం కాదు. ఏళ్ళ తరబడి రాసి పెట్టిన లెక్క కావాలి. సాయంత్రం గట్టు మీద కూర్చుని అదే చెప్పబోయాను. హవాయిలో మౌనా లోవా అనే కొండ మీద కీలింగ్ అనే ఆయన 1958లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు, అప్పుడు పది లక్షల పాళ్ళలో 315, ఇప్పుడు 420 దాటింది.

"1958కి ముందు ఎవుడు చూశాడు?"

"అంటార్కిటికా మంచులో పాత గాలి బుడగలుంటాయి మామా. వాటిలో చూస్తే 280."

"బుడగల్లోనా!" అని పకపకా నవ్వాడు. తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్కేసి, "అంటే వంద రూపాయల్లో నాలుగు పైసలు. నాలుగు పైసలకి ఊరు కాలిపోద్దా? సూర్యుడే ఎక్కువ కాస్తున్నాడేమో."

సూర్యుడి వల్లే అయితే గాలి పైపొరలు కూడా వేడెక్కాలి, అవి చల్లబడుతున్నాయి, కింద వేడి పైకి పోకుండా దుప్పటి కప్పినట్టు ఆగిపోతోంది అన్నాను. దుప్పటి మాట విని ఆవలించాడు. నిద్రొస్తోందని కాదు, నన్ను ఆపడానికి.

రాత్రి రెండుంపావుకి లేపాడు. కరెంటు పోయింది, నీళ్ళు చిలికి గాలి కలిపే చక్రాలు, అదే ఏరియేటర్లు, ఆగాయి. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ చూపించే డీఓ మీటర్ గుంటలో ముంచితే 3.4. నాలుగు ఉండాలి, కిందికి దిగితే రొయ్యలు పైకి తేలతాయి. నీళ్ళు వెచ్చబడేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది, తెల్లవారుజాముకి ఇంకా దిగుతుంది. జనరేటర్ ఒక పట్టాన స్టార్ట్ కాలేదు. మామ లుంగీ ఎగ్గట్టి హ్యాండిల్ తిప్పుతున్నాడు, నేను సెల్ లైట్ పట్టుకుని నిలబడ్డాను, ఒళ్ళంతా చెమట, ఆ వేళప్పుడు కూడా గాలి లేదు. ఈ పంట మీద ఎంత అప్పుందో నాకు తెలుసు. నాలుగోసారికి పట్టుకుంది. చక్రాలు తిరిగి నీళ్ళు లేచాక ఇద్దరం అక్కడే బురదలో కూలబడ్డాం.

అప్పుడు తట్టింది నాకు. ఆ మీటర్ చూపించేది కూడా పీపీఎమ్మే. పది లక్షల్లో నాలుగు పాళ్ళు! వంద రూపాయల్లో నాలుగు పైసలు కాదు, పైసాలో ఇరవై అయిదో వంతు. (ఇది బరువు లెక్క, గాలిది పరిమాణం లెక్క, రెండూ ఒకటే అని నేను అనట్లేదు.) అందులో అరపాలు తగ్గిందని అర్ధరాత్రి ఈ పరుగులు పెట్టిన మనిషి, 280 కాస్తా 420 అయితే ఏమవుద్ది అంటాడు. ఆగలేక అనేశాను.

మామ కాసేపు మాట్లాడలేదు. "అది వేరు. ఇది నా కళ్ళ ముందర చచ్చేది," అన్నాడు. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు, ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆరింటికి టీ తెచ్చాను. మామ రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే లేపి చూసుకుని, గుంట పుస్తకం తీసి రాస్తున్నాడు. వెనక నుంచి తొంగి చూశాను. నిన్న పొద్దున నీళ్ళు 31, ఈరోజు 32. దాని పక్కన, మేత తగ్గించాలి.

"ఒక్క డిగ్రీకే మేత తగ్గిస్తావా మామా?"

"నోరు మూసుకుని టీ తాగరా," అన్నాడు.