తొక్కితే కుడికి, వదిలితే ఎడమకి

మా మారుతి 800 2005 మోడల్. నాన్న కొన్నది. 15 ఏళ్లు నిండాక అమ్మేయమని అందరూ చెప్పినా, ఆర్సీ ఇంకో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించుకుని నడుపుతూ వచ్చాం. ఈ బ్రేకుల గొడవ జరిగింది 2023 ఎండాకాలంలో.

తెనాలి నుంచి విజయవాడ వెళ్తున్నాం. దుగ్గిరాల దాటాక ఏదో కాలుతున్న వాసన. ఎవరో పొలంలో గడ్డి తగలబెడుతున్నారనుకున్నాను. మా ఆవిడ మాత్రం, "గడ్డి వాసన కాదండీ, మన బండిదే" అంది. పక్కకి ఆపి చూస్తే ముందు ఎడమ చక్రం దగ్గర వేడి సెగ కొడుతోంది. బాటిల్ మూతతో రెండు చుక్కలు నీళ్లు చల్లితే చుయ్‌మని ఆవిరైపోయాయి. కుడి చక్రం మామూలుగానే ఉంది. అరగంట చెట్టు కింద కూర్చుని, చల్లారాక మెల్లగా ఇంటికి తిప్పేశాం.

మర్నాడు పొద్దున్నే దగ్గర్లోని ఒక షాపులో చూపించాను. జాకీ ఎత్తి చక్రం తిప్పితే హాయిగా తిరిగింది. రాత్రంతా చల్లారిన బండి కదా, తిరగదా మరి! బ్రేకు ప్యాడ్లు అరిగాయన్నారు, మార్చేశారు. ఆ పని చేసే కుర్రాడు ప్యాడ్లని చక్రం డిస్కుకి నొక్కిపట్టే క్యాలిపర్ ఊడదీసి, అలాగే దానికి బ్రేక్ ఆయిల్ తెచ్చే గొట్టానికి వేలాడేసి టీకి వెళ్లాడు. అది తప్పని అప్పటికి నాకూ తెలీదు.

పది రోజులు బాగానే నడిచింది. తర్వాత మళ్లీ అదే వాసన, ఈసారి ఇంకా త్వరగా. దానికి తోడు ఇంకో విచిత్రం. బ్రేకు తొక్కగానే స్టీరింగ్ కొంచెం కుడికి లాగుతోంది. కాలు తీసేశాక ఎడమకి లాగుతోంది. తొక్కితే ఓ పక్క, వదిలితే ఇంకో పక్క లాగే బండిని నేనెక్కడా చూడలేదు. టైర్లలో గాలి చూపించాను, అలైన్‌మెంట్ కూడా చేయించాను. ఆ డబ్బులు దండగ.

చివరికి తెలిసినవాళ్లు చెబితే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ప్యాడ్లు మార్చిన సంగతి చెప్పబోతే ఆపేశారు.

"మార్చినవి తర్వాత చెబుదురు గానీ సార్, తొక్కితే ఎటు లాగుద్ది?"

"కుడికి."

"వదిలాక?"

"ఎడమకి."

"అయితే ఎడమ పక్కకి ఆయిల్ లేటుగా వెళ్తంది, లేటుగా వస్తంది" అని, పక్కనున్న సందులో బండి నడిపి పదిసార్లు బ్రేకు కొట్టి తెచ్చారు. బండి వేడిగా ఉన్నప్పుడే చూడాలట. వెనక చక్రాలకి రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో వేసి, ముందు భాగం ఎత్తి ఎడమ చక్రం తిప్పబోయారు. రెండు చేతులతో పట్టినా కదల్లేదు.

అక్కడి నుంచి ఆయన చేసిన పని నేను కన్నార్పకుండా చూశాను. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి ఇనప పైపు వస్తుంది, దాని చివర రబ్బరు గొట్టం, దాని తర్వాత క్యాలిపర్. ముందు ఇనప పైపూ గొట్టమూ కలిసే నట్టు కొంచెం వదులు చేశారు. నాలుగు చుక్కలు కారాయి. చక్రం మాత్రం బిగుసుకునే ఉంది. అంటే ఒత్తిడి పైన ఆగలేదు, మాస్టర్ సిలిండర్ మంచిదే. నట్టు బిగించి, కింద క్యాలిపర్‌కి ఉండే నిపిల్, అంటే ఆయిలూ గాలీ బయటికి తీసే చిన్న మర, వదులు చేశారు. డికాక్షన్ రంగు ఆయిల్ చిమ్మింది. చక్రం వేలితో నెడితే తిరిగింది!

క్యాలిపర్‌లో ప్యాడ్ని నెట్టే పిస్టనో, క్యాలిపర్ జారే పిన్నులో తుప్పు పట్టి బిగుసుకుని ఉంటే, నిపిల్ విప్పినా చక్రం వదలదు. అయినా ఆయన పిన్నులు లాగి చూపించారు. గ్రీజుతో నున్నగా జారుతున్నాయి. ఇక మిగిలింది మధ్యలో ఉన్న గొట్టమే. క్యాలిపర్ దించగానే ఆయన చేసిన మొదటి పని, బైండింగ్ వైరుతో దాన్ని స్ప్రింగుకి కట్టడం. బరువంతా గొట్టం మీద పడితే లోపలి రబ్బరు చిట్లుతుందన్నారు. నాకు ఆ టీకి వెళ్లిన కుర్రాడు గుర్తొచ్చాడు. 18 ఏళ్ల రబ్బరు అప్పటికే ముసలిదై ఉంటుంది, ఆ రోజు కాస్త ఎక్కువ చెడి ఉంటుందని నా అనుమానం.

పాత గొట్టం పైకి కొత్తదానిలాగే ఉంది, ఒక్క పగులు లేదు. బ్లేడుతో నిలువునా కోసి చూపించారు. లోపల రబ్బరు ఉబ్బి, ఒకచోట పొర లేచి నాలుకలా వేలాడుతోంది. కాలి బలంతో తొక్కినప్పుడు ఆయిల్ దాన్ని తోసుకుని వెళ్తుంది. వదిలినప్పుడు వెనక్కి తోసే బలం లేదు, ఆ నాలుక దారి మూసేస్తుంది. నిదానంగా ఊరితే గంటకో అరగంటకో చక్రం వదులుతుంది. అందుకే మొదటి షాపులో పొద్దున్నే దొరకలేదు.

గొట్టాలు రెండు పక్కలా మార్పించాను. ఆయిల్ కూడా పూర్తిగా మార్చమన్నాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 140కి పడిపోవచ్చు. మరిగితే బుడగలొచ్చి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. ఆయిల్ దారిలో చేరిన గాలి తీసేటప్పుడు సీట్లో కూర్చుని "తొక్కు, పట్టుకో, వదులు" అన్నప్పుడల్లా తొక్కింది నేనే. ఒక చుక్క మడ్‌గార్డ్ మీద పడితే పెద్దాయన పరుగున నీళ్లు పోసి కడిగారు, లేకపోతే పెయింటు లేచిపోతుందట. ఖర్చంతా కలిపి అలైన్‌మెంట్‌కీ ప్యాడ్లకీ పోసినదాంట్లో సగం కూడా కాలేదు.

తిరుగు ప్రయాణంలో దుగ్గిరాల దగ్గర ఆపి, ముందు చక్రాలు రెండింటికీ చెయ్యి దగ్గరగా పెట్టి చూశాను. రెండూ ఒకేలా, గోరువెచ్చగా. మా ఆవిడ నీళ్ల బాటిల్ అందిస్తూ, "ఆ మసి చేత్తో బజ్జీల పొట్లం ముట్టుకోకండి" అంది.