720 మీటర్లేగా!

వేల్స్ అనగానే మనవాళ్లంతా అక్కడి ఎత్తయిన కొండ స్నోడన్ మీదికే పోతారు. మేమూ పోయాం. శిఖరం మీద ఫొటో కోసం క్యూలో నిలబడేసరికి ఎక్కిన సరదా కాస్తా దిగిపోయింది. అందుకే ఈసారి అదే వేల్స్‌లో రినోగ్ వౌర్ అనే కొండ. బర్మింగ్‌హామ్‌లో ఒకాయన "720 మీటర్లేగా, మధ్యాహ్నానికి దిగొచ్చేస్తారు" అన్నాడు.

లాన్‌బెడర్ ఊరు దాటాక కూమ్ బఖన్ సరస్సు దాకా ఒక్క కారే పట్టే రోడ్డు. ఎదురుగా ఇంకోటి వస్తే ఎవరో ఒకరు వెనక్కి నడపాలి, ఆ ఒకరు ప్రతిసారీ మేమే. చివర్న గడ్డిలో బండి పెట్టినందుకూ డబ్బులే.

సరస్సు నుంచి పైకి రోమన్ మెట్లు. పేరే గానీ రోమన్లు వేసినవి కావట, మధ్యయుగంలో సరుకులు మోసే గుర్రాల కోసం పరిచిన బండలంటారు. అలిపిరి మెట్లెక్కిన కాళ్లకి ఇవో లెక్కా అనుకుంటాం గానీ, అక్కడ నెత్తిన కప్పుంటుంది, నాలుగడుగులకో కొట్టుంటుంది. ఇక్కడ అడ్డంగా కొట్టే వాన, తడిస్తే జారే రాయి.

అసలు కథ లిన్ దీ అనే చిన్న చెరువు దగ్గర మొదలైంది. దారి ఉన్నట్టే ఉండి మాయమవుతుంది. యాభై కోట్ల ఏళ్లు దాటిన గరుకు రాళ్లు అంచెలంచెలుగా పేర్చినట్టుంటాయి. వాటి మధ్య నడుం దాకా హెదర్ పొదలు. పై నుంచి చూస్తే ఊదారంగు పరుపు, అడుగేస్తే కింద గొయ్యి! మోకాలి దాకా దిగిపోయిన కాలు లాక్కుంటుంటే, పై బండ మీద అడవి మేకలు నింపాదిగా నములుతూ మమ్మల్నే చూస్తున్నాయి. ఇలాంటిచోట ఎత్తు చూసి టైము లెక్కేసేవాళ్లని ఒక్కసారి ఈ పొదల్లో వదలాలి.

శిఖరం మీద సర్వేవాళ్ల కొలత స్తంభం, రాళ్లకుప్ప, ఒక ముసలాయన, ఆయన కుక్క. మబ్బు విడిపోయి కార్డిగన్ బే సముద్రమంతా మెరిసింది, ఉత్తరాన స్నోడన్ కూడా కనిపించింది. పులిహోర డబ్బా తీసి ఆయనకీ పెట్టాం. మిరపకాయ పక్కకి తీసి, మళ్లీ అడిగి వేయించుకున్నాడు. తిన్నాక కనుమ అవతలి కొండ చూపించి, "రినోగ్ వాఖ్, 712 మీటర్లే. పొద్దుందిగా, అదీ చూసెయ్యండి" అన్నాడు.

మా ఆవిడ అప్పటికే డబ్బా సర్దేసి దిగడం మొదలెట్టింది.