ఎనిమిది కప్పులు

పదకొండున్నర దాటింది. కళ్లు మూస్తే ఆ ఎనిమిది కప్పులే కనబడుతున్నాయి. అందుకే లేచి రాస్తున్నాను.

పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. రాత్రంతా తిరిగినట్టుంది. ఎవరు వేశారో వేరే చెప్పక్కర్లేదు, మా ఆయనే. నిన్న సాయంత్రం పదకొండు మట్టి కప్పులకి పిడులు అతికించి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి మరీ పడుకున్నాను. అది గాలికి లేచి కింద పడి ఉంది. ఫ్యాన్ వైపున్న అంచులు తెల్లబడిపోయాయి, అవతలివైపు అంచులు ఇంకా నల్లగా తడిగానే ఉన్నాయి. ఎనిమిది కప్పులు పగిలాయి.

"ఏమండీ, షెడ్డులో ఫ్యాన్ మీరేనా వేసింది?" అంటే, "తొందరగా ఆరతాయి కదా అని వేశాను" అన్నారు. మంచికే వేశారు. అందుకే గట్టిగా ఏమీ అనలేకపోయాను, అనలేకపోయినందుకు ఇంకా ఒళ్లు మండింది. ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను, మట్టి తొందరగా ఆరడం కాదు, అన్ని వైపులా ఒకేలా ఆరడం కావాలి. నేను వాడే మన్ను తడిగా ఉన్నప్పటి నుంచి బట్టీలో కాలేలోపు 12 శాతం కుంచించుకుపోతుంది. 10 సెంటీమీటర్ల ఎత్తున చేసిన కప్పు చివరికి 8.8కి దిగుతుంది. అందులో దాదాపు సగం ఆరేటప్పుడే జరిగిపోతుంది. పిడి సన్నగా ఉంటుంది కాబట్టి ముందే ఆరి బిగుసుకుంటుంది. కప్పు ఒళ్లు ఇంకా తడిగా, కదలకుండా ఉంటుంది. ఇక అతుకు దగ్గర చీలక ఏం చేస్తుంది?

మధ్యాహ్నం వరకూ ఇదే కోపం. మాట్లాడకుండానే పనులన్నీ చేశాను.

తర్వాత, పగిలిన ఎనిమిదింటినీ నానబెట్టే బకెట్లో వేద్దామని ఒక్కొక్కటీ తిప్పి చూస్తే, ఐదింటికి పిడులు శుభ్రంగా ఉన్నాయి. చీలిక అడుగున ఉంది. సరిగ్గా మధ్యలో, వెంట్రుకంత సన్నగా, పాములా మెలి తిరిగి, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా.

అది ఫ్యాన్ చేసేది కాదు. గోడలు పైకి లాగేటప్పుడు వేళ్ల మధ్య మట్టి నలిగి గట్టిపడుతుంది. అడుగు మధ్యభాగాన్ని మనం పనిగట్టుకుని నొక్కకపోతే అది వదులుగా, నీళ్లు పట్టి ఉండిపోతుంది. ఆరేటప్పుడు అక్కడే తెగుతుంది. ఫ్యాన్ లేకపోతే రెండ్రోజులు ఆలస్యంగా తెగేవి, లేదా బట్టీలో తెగేవి. అంతే తేడా.

నాకు ఈ పని నేర్పిన మాస్టారు గుర్తొచ్చారు. మొదటి రెండు నెలలూ నేను చేసిన ఒక్క గిన్నెనీ ఆరనివ్వలేదాయన. కుమ్మరి సారె మీద ఉండగానే తీగతో నిలువునా కోసేసేవారు. సైకిల్ బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగి, రెండు చివర్లా చెక్కముక్కలు కట్టుకున్న తీగ. కోసిన సగాన్ని నా ముందు పెట్టి, గోడ ఎక్కడ లావో, అడుగు ఎక్కడ పలచనో వేలితో చూపించేవారు. ఒకరోజు నాకు బాగా నచ్చిన గిన్నె, పొట్ట గుండ్రంగా వచ్చింది, అదీ కోశారు. ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. నా బొటనవేలు పట్టుకుని అడుగు మధ్యలో ఆనించి, "ఇక్కడ నొక్కావా?" అన్నారు. నొక్కలేదు. ఆ వేలికి తగిలిన మెత్తదనం ఇప్పటికీ గుర్తుంది, పండిన పండులా లోపలికి దిగిపోయింది.

నొక్కడానికి గడువు తీరిన ఏటీఎం కార్డుని అర్ధచంద్రాకారంలో కత్తిరించి వాడుకునేదాన్ని. కొన్నవాటికంటే అదే నా చేతికి బాగా అమరింది. పోయినవారం రెండు ముక్కలైంది. ఇంకోటి చేసుకోవడానికి పది నిమిషాలు పట్టదు, అయినా వేలితో కానిచ్చేశాను. ఆ కానిచ్చేయడమే ఈ ఐదు కప్పులు.

 

సాయంత్రానికి పగిలిన కప్పుల ముక్కలు పూర్తిగా ఎండాయి. పచ్చి ముద్ద అయితే బకెట్లో రోజుల తరబడి అలాగే కూర్చుంటుంది. ఎండిన ముక్క మాత్రం నీళ్లు తగలగానే బుసబుసమని బుడగలు వదిలి, చూస్తుండగానే విచ్చుకుపోతుంది. చివరి అడుగు ముక్క కరిగేదాకా అక్కడే కూర్చున్నాను.

మిగిలిన మూడింటి పిడులు మాత్రం ఫ్యాన్ వల్లే విరిగాయి, అందులో మార్పు లేదు. స్విచ్ మీద టేపు అంటించాను. కొత్త కార్డు కత్తిరించి అంచులు గరుకు కాగితంతో రుద్దాను. ఐదింటి సంగతి మా ఆయనకింకా చెప్పలేదు. పొద్దున కాఫీ టైములో చెప్పాలి.