అంబాసిడర్ కింద మూడు ఆదివారాలు

మాది 1984 నాటి మార్క్ 4 అంబాసిడర్, పెట్రోలు బండి. నాన్న కొన్నది. ఏడాదిగా ఏ చిన్న గుంతలో పడ్డా వెనక నుంచి టక్కుమని చప్పుడు. స్పీడ్ బ్రేకర్ దిగితే రెండుసార్లు టక్కు. షాకబ్జర్లే అనుకుని, ఎవర్నీ అడక్కుండా వెనక జత మార్పించేశాను. డబ్బు పోయింది, చప్పుడు అలాగే ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు బాగుచేసే పెద్దాయన ఒకాయనకి చూపించాను. కారు కిందకి దూరి, వెనక కమాన్ కట్ట (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు) చివర రాడ్డు పెట్టి ఎత్తాడు. కట్ట వెనక చివరని బాడీకి తగిలించే ఊగే కొక్కెం షాకిల్; దాని పిన్ను కట్ట కంట్లో, అంటే చివరి గుండ్రటి రంధ్రంలో, వదులుగా ఆడింది.

"షాకులు కాదు బాబూ, రబ్బర్లు పోయినై. కట్టలకి ఆయిల్ కొట్టిస్తారా?"

"ప్రతి సర్వీసింగుకీ కొట్టిస్తాం మేస్త్రీ. నాన్న ఊరుకోడు."

వేలితో గీకి చూపించాడు. రబ్బరు ఉబ్బి, నల్లటి జిగురు ముద్దలా వచ్చేసింది.

బరువు పడినప్పుడు కట్ట సాగినట్టై పొడుగవుతుంది. ఆ పొడుగుకి చోటివ్వడానికే షాకిల్ వెనక్కీ ముందుకీ ఊగుతుంది. ఊగేచోట ఇనుము ఇనుముని తాకకుండా రబ్బరు బుష్ మెలి తిరిగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. వాడేసిన ఇంజిన్ ఆయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడి, పిన్నుని పట్టుకోవడం మానేస్తుంది. తుప్పు పట్టకూడదని మేం చేయించిన సేవ అది!

2014లో పశ్చిమ బెంగాల్ ఉత్తరపారలో ఈ కారు తయారీ ఆగిపోయినా మా వైపు సామాను ఇంకా దొరుకుతోంది. కొట్లో పాలీయురేథేన్ బుష్‌లు చేయించుకోమని ఒకాయన సలహా ఇచ్చాడు. వాటికి ఆయిలు భయం తక్కువే గానీ గట్టివి, రోడ్డు అదురంతా సీట్లోకి తెస్తాయి. మెత్తగా తేలుతూ పోనప్పుడు అంబాసిడర్ ఎందుకు? రబ్బరువే తీసుకున్నాను, గోరు నొక్కితే కాస్త లోపలికి దిగి మళ్లీ పైకి లేచేవి చూసి.

పని ఇంట్లోనే, తెనాలిలో మా రేకుల షెడ్డులో చేశాను. బాడీని స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్ కింద వేరే జాకీ పెట్టి కట్ట మీద బరువు లేకుండా చేశాను. ఇటుకల మీద మాత్రం నిలబెట్టకండి, పుటుక్కున పగులుతాయి. మొదటి ఆదివారమంతా నట్లతోనే సరి. షాకిల్ రబ్బర్లు రెండు సగాలుగా ఉంటాయి కాబట్టి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ఊడొచ్చాయి.

ఏడిపించింది కట్ట ముందు కంట్లోది. దానికి బయట ఇనుప గొట్టం, లోపల రబ్బరు, మధ్యలో ఇంకో గొట్టం. సుత్తి దెబ్బలకి కదల్లేదు. లోపలి రబ్బరుని డ్రిల్లుతో తవ్వి తీసి, హాక్సా బ్లేడు లోపలికి దూర్చి బయటి గొట్టాన్ని నిలువునా కోశాను. కన్ను తెగకూడదు, గొట్టం తెగాలి. ఒక్కో వైపుకీ రెండు గంటలు. కొత్తదాన్ని పొడుగు బోల్టు, వాషర్లు, పైపు ముక్కతో బిగిస్తూ లోపలికి లాగాను. షాకిల్ రబ్బర్లకి సబ్బునీళ్లు రాశాను. గ్రీజు రాస్తే కథ మళ్లీ మొదటికే.

రెండో ఆదివారం సాయంత్రానికి అన్నీ బిగించి దించాను. వెనక భాగం కోడిపుంజు తోకలా ఎత్తుగా నిలబడింది. మేస్త్రికి ఫోన్ చేశాను.

"గాల్లో ఉండగా బిగించావా?"

"అవును."

"వదులు చేసి, బండిని చక్రాల మీద నిలబెట్టి, అటూ ఇటూ ఊపి అప్పుడు బిగించు బాబూ."

చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ కోణంలోనే బిగుసుకుపోతుంది. కిందకి దించాక ఇరవైనాలుగు గంటలూ మెలి తిరిగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. మూడో ఆదివారం చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, కిందకి దూరి మళ్లీ బిగించాను. కారు కిందకి కూర్చుంది.

నాన్నని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కాలువ కట్ట మీద తిప్పాను. చప్పుడు లేదు. ఆయిలు సంగతి నెమ్మదిగా చెప్పాను. కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"మరి కట్టలకి తుప్పు పట్టిందా?"

"లేదు."

"ఊఁ" అన్నాడు.